పగులు మీద పూత

కోడూరు
9 జులై 2003

ఏమే ఆయేషా,

కోపంతో మొదలుపెడుతున్నాను. చివరికి చల్లబడితే నీ అదృష్టం.

మా ఊరి మంచినీళ్ళ టాంకుకి బహుమతి వచ్చింది. నవ్వకు. చుట్టుపక్కల మండలాలన్నిటిలోకీ శుభ్రమైన నీళ్ళు మావేనట. జిల్లా నీళ్ళ ఆఫీసు వాళ్ళు వచ్చి షీల్డు ఇస్తారట. మా సర్పంచి దుర్గారావు మావయ్య అప్పుడే షామియానాకి చెప్పేశాడు.

ఆ నీళ్ళ భాగోతం నీకు తెలియదు. రొయ్యల చెరువుల్లో కుళ్ళిన నీళ్ళు పంటకాలవలోకి వదుల్తారు. మా పైపు ఆ కాలవ పక్కనుంచే వస్తుంది, ఎక్కడో చిల్లు పడింది. కుళాయి తిప్పితే ముందు బుస్సుమని గాలి, దాని వెనక పచ్చటి నీళ్ళు. బిందె అడుగున చీమిడిలాంటి జిగురు. మొన్న బిందె తోమితే ఆ కంపు వేళ్ళకి పట్టుకుని వదల్లేదు. అన్నం కలుపుకోబోతే డోకొచ్చింది. ఈ మధ్య నాకు అన్నిటికీ డోకే, అది వేరే సంగతి, తర్వాత చెప్తాను.

టాంకు మెట్ల దగ్గర నెలనెలా ఒక కాగితం అంటిస్తారు. క్రిములు 0. త్రాగవచ్చు. దాని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో మీ కంపెనీ పేరు. పక్కనే చిలకలపూడిలో ఇల్లుండి కూడా బందరు కాలేజీ హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకుని రాత్రంతా కంప్యూటర్ పుస్తకాలు చదివిన దానివి, చివరికి నువ్వు వెలగబెడుతున్నది ఇదా అనిపించింది.

నేనేమో బడిలో పిల్లలకి నీళ్ళు కాచుకు తాగమని పాఠం చెప్తాను. మా వీధి చిట్టెమ్మ ఏమందో విను. "టీచరుగారండీ, సున్న అని ఆఫీసోళ్ళే రాశారు గదా, ఇంకా మీరు కాయమంటారేంటండీ, కట్టెలు దండగ." మా ఇంట్లో అత్తయ్య కూడా కాచడం మానేసింది.

ఆ సున్న ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కుని రాయి. ఫోను చేయకు. ఊళ్ళో ఉన్న ఒక్క ఎస్టీడీ బూతూ దుర్గారావు మావయ్యదే, పక్కనే కూర్చుని వింటాడు.

మాధవి

*

మచిలీపట్నం
16 జులై

మాధవీ,

నీ కోపం పోస్టు సంచిలో ఇన్ని రోజులు ప్రయాణం చేసినా వేడి తగ్గలేదు. తల్లీ, మేం నీళ్ళు తాగి రుచి చెప్పేవాళ్ళం కాము. లాబు వాళ్ళు అంకెలు పంపిస్తారు, మేం లెక్క కట్టి అచ్చు వేస్తాం. ఆ లెక్క నేను స్వయంగా చూశాను, ఎక్కడా తప్పు లేదు. ఆ లాబునే అడుగు. దుర్గారావు గారి షామియానా కింద నాకూ ఒక కుర్చీ వేయించు.

పై ముక్క పొద్దున రాసింది. చింపేద్దామనుకున్నాను, కానీ ఉంచుతున్నాను, నా పొగరు నీకు తెలియాలి.

మధ్యాహ్నం భోజనం మానేసి మీ ఊరి ఫైలు తెరిచాను. మీ నీళ్ళకి ఈ మధ్య అసలు పరీక్షే జరగలేదే. ఒక నెల సీసా బస్సులో పగిలింది. ఇంకో నెల మూత ఊడి ఖాళీ సీసా చేరింది. పోయిన నెల లాబులో మందు అయిపోయింది. లాబులో అమ్మాయి ఎవరో గాని, అంకె వేయాల్సిన గడిలో ఆ మాటలే టైపు చేసింది, "సీసా పగిలింది" అని. ఆ పిల్ల దాచలేదు.

దాచింది మా ప్రోగ్రాం. మా భాషలో వాల్ అని ఒక ఆజ్ఞ ఉంది. గడిలో అంకె ఉంటే అంకె తీసిస్తుంది. మాటలుంటే కిక్కురుమనకుండా సున్న ఇస్తుంది. ఆ సున్నని తర్వాతి మెట్టు హెచ్చించింది. సున్నని ఎంతతో హెచ్చిస్తే ఏమొస్తుంది? ఆ తర్వాతి మెట్టు పరిమితితో పోల్చి చూసి శభాష్ అంది. ఆఖరి మెట్టు "త్రాగవచ్చు" అని గుద్దింది. ఎవడి పని వాడు చక్కగా చేశాడు. పగిలిన సీసా చివరికి స్వచ్ఛమైన నీళ్ళయి కూర్చుంది.

ఇంకా రోత ఏమిటంటే, బుద్ధిగా పరీక్ష జరిగిన ఊళ్ళకి ఎంతో కొంత అంకె వచ్చి వెనకబడ్డాయి. పరీక్ష లేని ఊళ్ళు పైకొచ్చాయి. మీకు సున్న మీద సున్న కాబట్టి షీల్డు మీది.

ఆ వాల్ రాసింది మా ఓనరు వెంకటరమణ గారే, నేను చేరకముందు. వెళ్ళి చెప్పాను. ఆయన టీ తాగుతూ, "గడి ఖాళీగా ఉంటే ఆఫీసులో కాయితం మొహాన కొడతారమ్మా. ఏదో ఒక అంకె ఉండాలి" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఆ గదిలో కూర్చోబుద్ధి కాలేదు.

ఆ నీళ్ళు తాగకండి. ఊరు వినకపోతే మానె, మీ ఇంట్లో మాత్రం కాచండి.

ఆయేషా

*

కోడూరు
20 ఆగస్టు

ఆయేషా,

నీ ఉత్తరం పంచాయతీ ఆఫీసులో చదివి వినిపించాను. దుర్గారావు మావయ్య చివరిదాకా విని, "అమ్మాయ్, మీ స్నేహితురాలికి మన ఊరంటే కళ్ళమంటలా ఉందే. వచ్చిన లక్ష్మిని కాలదన్నుతామా?" అన్నాడు. అందరూ నవ్వారు. మా అత్తయ్య కూడా ఆ కాగితాన్నే నమ్మి, కట్టెలు దండగని ఇప్పటికీ నీళ్ళు కాచనివ్వడం లేదు. షీల్డు ఇచ్చేశారు కూడా. ఆఫీసరు మైకు ముందు మా టాంకుని అంతసేపు పొగిడి, తాను తెచ్చుకున్న సీసా నీళ్ళే తాగాడు. చప్పట్లు కొట్టిన వాళ్ళలో మా ఆయన కూడా ఉన్నారు, ఇంటికొచ్చాక పెట్టాల్సిన చీవాట్లు పెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. నాకు ఐదో నెల. ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని అత్తయ్య ఒట్టు వేయించుకుంది, అందుకే నీకూ చెప్పలేదు. అలిగితే అలుగు. ఆడపిల్లయితే నీలా గయ్యాళి కాకూడదని ఇప్పుడే మొక్కుకున్నాను.

బడికి సెలవు పెట్టాను. నీరసం. మెట్లెక్కితే కాళ్ళు లాగేస్తున్నాయి. కళ్ళు కాస్త పచ్చగా ఉన్నాయంటున్నారు. ఊళ్ళో మందులిచ్చే ఆయన్ని పిలిస్తే, నీళ్ళేమైనా తేడానా అని తానే అడిగి, టాంకు దగ్గర కాగితం చూసి వచ్చి, నీళ్ళు కాదులెండి, వేడి చేసిందన్నాడు. బార్లీ తాగుతున్నాను. నువ్వు కంగారు పడకు.

నీ ప్రోగ్రాం సంగతి తేల్చు. ఏం చేస్తున్నావో రాయి, మంచం మీద పొద్దుపోవడం లేదు.

మాధవి

*

మచిలీపట్నం
26 ఆగస్టు

నా గయ్యాళి తల్లికి,

అమ్మీకి చెప్పాను. నీకోసం దర్గాలో చాదర్ కప్పిస్తానంది. ఐదు నెలలు నా దగ్గర దాచినందుకు నిన్ను పుట్టబోయే పిల్లతోనే కొట్టిస్తాను.

ప్రోగ్రాం అడిగావుగా, విను. నెట్ సెంటర్లో కూర్చుని వెతుకుతుంటే కొన్ని కొత్తరకం భాషలు కనబడ్డాయి. వాటిలో తప్పిపోయే వీలున్న లెక్క వట్టి అంకెని ఇవ్వదు, ఒక పొట్లం ఇస్తుంది. పొట్లం మీద "మంచి" అని ఉంటే లోపల విలువ. "తప్పు" అని ఉంటే లోపల కారణం. ఇక మ్యాప్ అని ఒక పనివాడుంటాడు. వాడికి పొట్లాన్నీ, చేయాల్సిన మార్పునీ అప్పగిస్తాం. మంచి పొట్లమైతే విప్పి, లోపలిదాన్ని మార్చి, మళ్ళీ మంచి పొట్లంగానే కట్టిస్తాడు. తప్పు పొట్లమైతే చెయ్యి కూడా వేయడు. హెచ్చించడు, సవరించడు, కారణం ఎలా ఉందో అలాగే ముందుకి తోస్తాడు. ఎన్ని మెట్లున్నా అంతే. చివర అచ్చు వేసేవాడు రెండు రకాల పొట్లాలకీ జవాబు చెప్పి తీరాలి, ఒకదాన్ని మింగేయడానికి లేదు.

చదివి నేను నోరు తెరిచాను. ఇది మా అబ్బా చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకి చేసే పనే. అతుకు విడిన గాజు దొరికితే మా కార్ఖానాలో అక్కడికక్కడే ఎర్ర దారం కడతారు. దారం ఉన్నదాన్ని పాలిష్ వాడు పట్టడు, పూత తొట్టిలో ముంచేవాడు ముంచడు, పక్కవాడి చేతికి అందిస్తాడు. అలాగని మధ్యలో పారేయకూడదు. చివర అబ్బా చేతికి రావాలి, ఎక్కడ విడిందో ఆయన చూడాలి. ఒకసారి మా పెద్దన్న బిలాల్ దారం తెంపి పూత పెట్టేశాడు. గాజు ధగధగ మెరిసింది. అబ్బా దాన్ని వేళ్ళమధ్య పెట్టి నొక్కితే రెండు ముక్కలైంది. "పగులు మీద పూత పెట్టినోడికి ఈ పూట అన్నం పెట్టకు" అని అమ్మీతో అన్నారు, పెట్టలేదు కూడా. ఆ గాజు తొడుక్కున్న పిల్ల చెయ్యి కోసుకుంటుందని ఆయన కోపం. మా వెంకటరమణ గారిని ఒక పూట మా అబ్బా దగ్గర వదలాలి.

ఆ భాషలు మా ఆఫీసులో లేవు. ఉన్న భాషలోనే పొట్లం నేను కట్టాను. విలువకి ఒక చోటు, కారణానికి ఒక చోటు. మ్యాప్ పనివాణ్ణి కూడా నేనే తయారుచేశాను. మీ ఊరి ఫైలు పోసి చూస్తే చివర ఏమొచ్చిందో తెలుసా? "తెలియదు. సీసా పగిలింది." ఆ మాట తెర మీద చూసి కళ్ళు చెమర్చాయంటే నమ్ము. వెంకటరమణ గారికి చూపిస్తే, "తెలియదని రాస్తే మనకెందుకమ్మా ఆర్డరు? పాతదే వేయి" అన్నారు. ఆయన నవ్వితే కనబడే ఆ కిళ్ళీ పళ్ళంటే నాకు పరమ అసహ్యం.

ఇంతవరకూ రాసి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. కళ్ళు పచ్చగా ఉన్నాయని రాశావు. మొదటిసారి చదివినప్పుడు ఆ మాట మీదనుంచి ఎలా దూకేశానే? పచ్చకామెర్లు వేడి వల్ల రావు. ఆ నీళ్ళ వల్ల వస్తాయి. కడుపుతో ఉన్నవాళ్ళకి అవి ప్రాణం మీదికి తెస్తాయని మన జువాలజీ మేడం చెప్పలేదూ? ఆ మందులాయన చూసింది నీ కళ్ళని కాదు, మా సున్నని. బార్లీ పారేయి. మీ ఆయన్ని బండి కట్టించమను, నిన్ను పెద్ద డాక్టరుకి చూపించమను. ఉత్తరానికి జవాబు రాస్తూ కూర్చోకు.

ఆయేషా

*

విజయవాడ
11 అక్టోబరు

ఆయేషా గారికి,

మాధవి భర్త నాంచారయ్య నమస్కరించి రాయునది. ఇంతకు ముందు మీకు రాయవలసిన పని పడలేదు, క్షమించండి.

మీ ఉత్తరం అందింది. మాధవి నాకు చూపించలేదండీ. నేను కంగారు పడతానని తలగడ కింద పెట్టుకుంది. నేను చేపల లారీ మీద ఊళ్ళు తిరిగేవాణ్ణి, ఇంట్లో ఏం జరుగుతుందో నాకు సరిగ్గా తెలియలేదు. మా అమ్మ పసరు మందు పోయించింది. రెండు వారాలు కాస్త తేలికపడినట్టు కనబడింది. తర్వాత మనిషి మాటలు తడబడ్డాయి. నన్ను చూసి ఎవరండీ మీరు అంది. అప్పుడు ఇక్కడికి తీసుకొచ్చాం. కామెర్లు బాగా ముదిరిపోయాయన్నారు. నీళ్ళు ఎలాంటివని అడిగారు. మా ఊరికి షీల్డు వచ్చిందండీ అని నేనే చెప్పాను.

మాధవికి ఇప్పుడు తెలివి వచ్చిందండీ. గండం గడిచిందన్నారు. బిడ్డ దక్కలేదు. ఏడో నెల, ఆడపిల్ల. మాధవికి చెప్పలేదు. అద్దాల పెట్టెలో పెట్టారు, ఎవరినీ చూడనివ్వరు అని చెప్పాం. రోజూ పాలు పిండి ఇచ్చి, పిల్లకి పట్టించమంటుంది. నేను బయటికి తీసుకెళ్ళి పారబోసి వస్తున్నాను.

మీరు ఉత్తరం రాయలేదేమని అడుగుతోంది. నాలుగు ముక్కలు రాయండి. పాప బాగుందట కదా అని రాస్తే సంతోషిస్తుంది. మీరు చెబితే నమ్ముతుంది.

ఇట్లు
నాంచారయ్య

*

గుడివాడ
17 అక్టోబరు

అన్నయ్యగారికి,

మీరు రాసింది చదివి ఏడ్చాను. మీ మీద కోపం లేదు. మీరు పాలు పారబోసి వచ్చే ఆ నాలుగడుగులు తలుచుకుంటేనే నా ప్రాణం పోతోంది.

కానీ పాప బాగుందని నేను రాయనండీ. రాయలేను. మాధవి ఈ స్థితికి వచ్చింది అలాంటి మాట వల్లే. లేని పరీక్షని ఉన్నట్టు, పగిలిన సీసాని శుభ్రమైన నీళ్ళన్నట్టు రాస్తే, ఒకరి తర్వాత ఒకరు దాన్ని నమ్మి పని చేసుకుపోయారు. మందులాయన నమ్మాడు. మీ అమ్మగారు నమ్మి నీళ్ళు కాచలేదు. ఇప్పుడు మనం ఆసుపత్రి మంచం దగ్గర అదే పని చేస్తున్నాం. మాధవి ఆ మాట మీద రోజుకో మెట్టు కట్టుకుంటుంది. పాలు ఇస్తోంది. రేపు పేరు పెడుతుంది. ఎల్లుండి ఉయ్యాల అడుగుతుంది. ఆ మెట్లన్నీ ఒకేసారి కూలితే ఆమె ఎక్కడ పడుతుంది?

మీరే చెప్పండి. ముందు డాక్టరుగారిని అడిగి, ఆమె చెయ్యి పట్టుకుని చెప్పండి. నేనైతే మీరు చెప్పేదాకా ఆమెకి ఉత్తరం రాయను. ఏమీ రాయకపోవడం చేతనవుతుంది నాకు, అబద్ధం చేతకాదు.

నా చిరునామా మారింది చూశారుగా. పోయిన నెల వెంకటరమణ గారు పెళ్ళికి వెళ్ళినప్పుడు కాగితాలన్నీ నా ప్రోగ్రాంతోనే అచ్చు వేసి పంపించేశాను. మీ ఊరొక్కటే కాదు, చాలా ఊళ్ళ టాంకుల మీద "తెలియదు" అని, పక్కన కారణంతో అంటించారు. ఆయన తిరిగొచ్చి నన్ను పనిలోంచి తీసేసి, నా కుర్చీ వరండాలో పెట్టించారు. "నువ్వు మా నోటి దగ్గర కూడు చెడగొట్టావు" అన్నారు. వాళ్ళ నోటి దగ్గర కూడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, ఉమ్మేయాలనిపించింది. ఇక్కడ ఒక ట్రైనింగ్ సెంటర్లో పిల్లలకి కంప్యూటర్ చెప్తున్నాను. మొదటి రోజే వాల్ గురించి చెప్పాను.

మాధవికి నిజం చెప్పాక ఒక్క కార్డు ముక్క పడేయండి. వచ్చి ఆమె పక్కన కూర్చుంటాను.

మీ చెల్లెలు
ఆయేషా

*

కోడూరు
14 డిసెంబరు

ఆయేషా,

ఆసుపత్రిలో నువ్వు నా పక్కన కూర్చున్నన్నాళ్ళూ నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వూ మాట్లాడించలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన నాకు చెప్పిన రోజు చెంబు తీసి గోడకేసి కొట్టాను. ఆయన్ని కాదు, గోడనే. తర్వాత ఆయన నీ ఉత్తరం చూపించారు. నాకు అబద్ధం రాయని మనిషి ఒకతె ఉందని ఆ రోజు కాస్త నిద్రపట్టింది. అయినా నీ మీద కోపం పూర్తిగా పోలేదు. ఆ కాగితం మీద మీ కంపెనీ పేరు ఇంకా నా కళ్ళలోనే ఉంది. కొన్నాళ్ళు పడుతుంది, ఓర్చుకో.

ఊళ్ళో విశేషాలు. "తెలియదు" అని కాగితం వచ్చిన రోజు దుర్గారావు మావయ్య చింపించేశాడట. చిట్టెమ్మ ఆ ముక్కలు ఏరి అన్నం మెతుకులతో మళ్ళీ అంటించింది. "సున్న అంటే నమ్మి తాగాం, తెలీదంటే ఎట్టా తాగుతామండీ" అని ఆడవాళ్ళందర్నీ బిందెలతో పంచాయతీ ముందు కూర్చోబెట్టింది. చిల్లు ఎక్కడో తవ్వి చూశారు. నేనన్నట్టే, పంటకాలవ పక్కన. పైపు మారుస్తున్నారు. ఈలోగా ట్రాక్టరు మీద నీళ్ళు వస్తున్నాయి, అవీ కాచుకునే తాగుతున్నాం. పంచాయతీలో మూల పడేసిన షీల్డుని అత్తయ్య తెచ్చి కాచిన నీళ్ళ బిందె మీద మూతగా పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

ఇక ఇంటికొచ్చే చుట్టాలు. అందరిదీ ఒకటే పాట. తొలిచూలు ఇలా పోవడం మామూలే, ఏమీ జరగలేదనుకో, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఎత్తుకుంటావు. ప్రేమతోనే అంటారు. నాకు మాత్రం వాళ్ళు నా నెత్తి మీద పూత పూస్తున్నట్టుంటుంది. ఏమీ జరగలేదని ఎలా అనుకోవడం? పిల్లకి నా గడ్డం పోలిక ఉందట, ఆయన చూశారు.

నిన్న ఆరోగ్య కేంద్రం నుంచి కృపమ్మ గారు ఇంటింటి సర్వేకి వచ్చింది. మంచి మనిషి, నా సంగతి తెలుసు, అందుకే నన్ను అడక్కుండానే తలొంచుకుని రాసుకుపోతోంది. పేరు, వయసు. పిల్లలు ఎంతమంది అన్న గడి దగ్గర సున్న చుట్టబోయింది.

చెయ్యి పట్టుకున్నాను.

"సున్న కాదండీ," అన్నాను. "ఒక ఆడపిల్ల. ఏడో నెలలో పోయింది. మా టాంకు నీళ్ళ వల్ల పోయింది. అలాగే రాయండి."

గడి చాలదమ్మా అంది. పక్కన అంచులో రాయమన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని రాసింది. నేను చదివి చూసి వదిలాను.

మాధవి